కొత్త కంప్యూటర్‌కు పాత అతుకు

బుధవారం పొద్దున్న హనుమాండ్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికి ఉప్మా తినాలి. ఎనిమిదిన్నరకు తన డిజైన్ కాగితాన్ని స్కాన్ చేయాలి. తొమ్మిదికి దాన్ని పంపించేసి, ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, పదికల్లా దిల్‌సుఖ్‌నగర్‌లోని తన చీరల దుకాణం షట్టర్ ఎత్తాలి. వీటిలో అనుకున్నట్టు జరిగింది ఉప్మా ఒక్కటే.

ముందు ఆ కాగితం సంగతి చెప్పాలి. హనుమాండ్లుది పోచంపల్లి పక్కన ఊరు. తండ్రి జానయ్య పేరున్న నేతగాడు, అంటే ఆ ఊరి వరకు. ఆయన ఒకప్పుడు నీలం మీద తెల్ల గళ్ళతో ఒక చీర నేశాడు. అలాంటి గళ్ళు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ వేయలేదు. చీరను షావుకారు పట్టుకుపోయాడు, ఎవరో కట్టుకున్నారు, చిరిగిపోయింది. నేసినవాడి పేరు ఆ రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు. ఆ గళ్ళను జ్ఞాపకం మీద గ్రాఫ్ కాగితంపై తిరిగి గీయడానికి హనుమాండ్లుకు ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు నగరంలో ఒక చేనేత కళా సంస్థ ప్రదర్శన పెడుతోంది. డిజైన్ ఎంపికైతే దాన్ని చీరగా నేసి ఇవ్వాలి. చీరను గోడకు వేలాడదీసి, కింద పలక మీద నేసినవారి పేరూ నేర్పినవారి పేరూ రాస్తారు. దరఖాస్తులో "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అన్న చోట "మా నాయిన జానయ్య" అని రాసి, హనుమాండ్లు ఆ అక్షరాలను మళ్లీ ఒకసారి దిద్దాడు. దరఖాస్తు ఎప్పుడో వెళ్లిపోయింది. డిజైన్ బొమ్మ ఒక్కటే మిగిలింది. గడువు ఈ రోజు మధ్యాహ్నం ఒంటిగంట.

కంప్యూటర్ కొత్తది, కూతురు ఇందు పోయిన ఆదివారమే కొనుక్కొచ్చింది. స్కానర్ మాత్రం పదహారేళ్ల నాటిది. ఏడున్నరకు ఆఫీసుకు బయలుదేరుతూ, చెప్పులు వేసుకుంటూనే ఇందు పాఠం చెప్పింది.

"డాడీ, స్కానర్‌కు కొత్త డ్రైవర్ నెట్ల నుంచి తీసి ఏసిన. అది ఉంటేనే స్కానర్ చెప్పేది కంప్యూటర్‌కు సమజైతది. నువ్వు వైర్ పెట్టి పచ్చ బటన్ నొక్కు, అంతే. డబ్బల ఉన్న పాత సీడీ జోలికి మాత్రం పోకు. పాత డ్రైవర్ దీనికి పడది."

"సరే బిడ్డా."

"మా ఆఫీసుల ఫోన్ లోపలికి తీస్కపోనియ్యరు. ఒంటిగంట దాటినంక లంచ్ల చేస్తా. సమజైందా?"

"సమజైంది పో."

నిజంగానే అర్థమైంది. ఒప్పుకోవడానికే మనసు రాలేదు. నేతగాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయాక, ఆ పాత పోగుల కొసలను పీకి పారేయరు. వాటిని అలాగే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతుకుతారు. పాత కొసలు పట్టుకుని మెల్లగా లాగితే, వేల పోగులు దారి తప్పకుండా వాటి వాటి చోట్లకు వచ్చి కూర్చుంటాయి. పాత కొసలు పీకేసేవాణ్ని జానయ్య మనిషి కిందే లెక్కగట్టేవాడు కాదు.

"పాత కొస లేకుంట కొత్తది ఎట్ల నడుస్తదే?" అన్నాడు హనుమాండ్లు, బీరువా మీద నుంచి సీడీల డబ్బా దించుతూ.

భార్య భూలక్ష్మి వంటింట్లోంచి తొంగిచూసింది. "పిల్ల ఒద్దన్నది గదనయ్యా."

"పిల్లకు మగ్గం తెల్వది."

"నీకు కంప్యూటర్ తెల్వది. గింత తిప్పలెందుకు, ఫోన్ల ఫోటో గొట్టి పంపు. ఫోటో అయినా తీసుకుంటమని రాసిండ్రంట గద."

"ఫోటోల గీత వంకర వోతది. మా నాయిన గీత ఎన్నడన్న వంకర వొయ్యిందా?"

మామగారి ప్రస్తావన వచ్చాక భూలక్ష్మి సాధారణంగా మాట్లాడదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

సీడీ దొరికింది గానీ కొత్త కంప్యూటర్‌కు సీడీ పెట్టే చోటే లేదు. హనుమాండ్లు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి చూసి, మేడ మీద కిరాయికి ఉంటున్న మల్లికార్జునరావును పిలిచాడు. ఆయనది గుంటూరు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. అప్పటి నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే బాగుండునని ఎదురుచూస్తున్నాడు. పిలుపు వినగానే వైరుతో తగిలించే సీడీ పెట్టె ఒకటి పట్టుకుని రెండేసి మెట్లు దిగి వచ్చేశాడు.

"ఒక్క ఇబ్బంది ఉందండీ, హనుమాండ్లు గారూ. ఈ పెట్టె పనిచెయ్యాలంటే దీని సీడీ వెయ్యాలి."

"ఏద్దాం. ఏడ ఏయాలె?"

"ఈ పెట్టెలోనేనండీ."

ఇద్దరూ పెట్టెను తిప్పి తిప్పి చూశారు. ఎందుకైనా మంచిదని తగిలించి చూస్తే అది దానంతట అదే పనిచేసింది. అయినా తెచ్చిన సీడీని వృథా చేయడం ఇష్టం లేక మల్లికార్జునరావు దాన్ని కూడా వేసేశాడు. ఆ తర్వాత స్కానర్ పాత సీడీ వేశారు. ఈ డ్రైవర్ మీ కంప్యూటర్‌కు సరిపడకపోవచ్చు, వేయమంటారా అని తెర మీద ఇంగ్లీషులో ప్రశ్న వచ్చింది.

"ఏమంటున్నది సార్?"

"మర్యాదకి అడుగుతోందండీ," అని మల్లికార్జునరావు అవునని నొక్కాడు.

హనుమాండ్లు కాగితాన్ని స్కానర్‌లో పరిచి, మనసులో తండ్రికి దండం పెట్టుకుని, పచ్చ బటన్ నొక్కాడు. స్కానర్ ఒకసారి మూలిగింది. తెర మొత్తం నీలంగా మారిపోయింది. పైన తెల్లటి ఏడుపు మొహం, దాని కింద రెండు వరుసల ఇంగ్లీషు, ఒక మూల చిన్న చిన్న తెల్ల గళ్ళతో అల్లిన చదరం. కాసేపటికి అది కూడా పోయి, కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ వెలిగింది.

"గా మూలకున్న చదరం జూసిండ్రా సార్?" అన్నాడు హనుమాండ్లు, భయపడాలన్న సంగతి మరచిపోయి. "మా దుకాణంల ఫోన్‌తోని పైసలు కొట్టే బొమ్మ లెక్కనే ఉన్నది గని, నీలం మీద ఎంత సక్కగ కూసున్నది! ఎవడు కట్టిండో గని పనిమంతుడు."

"అది తర్వాత చూద్దామండీ. ముందు మళ్లీ నొక్కండి."

మళ్లీ నొక్కారు. మళ్లీ నీలం. మూడోసారీ నీలమే. మూడోసారి మల్లికార్జునరావు వేలెత్తాడు, క్లాసులో పిల్లల్ని నిశ్శబ్దంగా ఉండమన్నట్టు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది.

"గమనించారా? మూడుసార్లూ మిక్సీ తిరిగినప్పుడే పడిపోయింది. ఒక్కసారైతే ఏదో కలిసొచ్చింది అనుకోవచ్చు. మూడుసార్లు జరిగితే దాన్ని సిద్ధాంతం అంటారండీ. కరెంటు ఊగుతోంది."

మిక్సీ ఆగింది. అందులో సగం నలిగిన టమాట తొక్కు అలాగే ఉండిపోయింది. తర్వాత సిద్ధాంతం ఫ్రిజ్ మీదికి వెళ్లింది, ఫ్రిజ్ ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. మేడ మీదికి నీళ్లెక్కించే మోటారు ఆగింది. ఐదు నిమిషాలకు మేడ మీద నుంచి మల్లికార్జునరావు భార్య లలితకుమారి గొంతు వినబడింది.

"ఏవండీ! కుళాయిలో నీళ్లు రావట్లేదు! నా తలంతా కుంకుడుకాయ నురగే!"

"ప్రయోగం నడుస్తోంది లలితా! ఓ పావుగంట ఓర్చుకో!"

"కళ్లు మండిపోతున్నాయండీ!"

"కళ్లు మూసుకో!"

ఇంట్లో కంప్యూటర్, స్కానర్ తప్ప ఇంకేదీ నడవడం లేదని నిర్ధారించుకుని, చెమటలు కక్కుతూ నాలుగోసారి నొక్కారు. తెర నీలంగా మారింది. భూలక్ష్మి వెళ్లి మోటారు వేసి వచ్చింది. మేడ మీద పాపం ఆ తల్లి ఎంతసేపటి నుంచి కళ్లు మూసుకుందో.

సిద్ధాంతం చచ్చిపోయాక మల్లికార్జునరావుకు ఏం చేయాలో తోచలేదు. హనుమాండ్లుకు మాత్రం అప్పుడే తోచింది. పడుగు అతికేటప్పుడు ఒక్క పోగు అతికి మిగతావి వదిలేస్తే మగ్గం నడుస్తుందా? అన్నీ అతకాలి. తాము అతికింది ఒకటీ రెండే. డబ్బాలో ఇంకా చాలా ఉన్నాయి. ఎప్పుడో పాడైన ప్రింటర్‌ది, అమ్మేసిన కెమెరాది, పాత స్పీకర్లవి, దేనిదో ఎవరికీ తెలియని ఆకుపచ్చ సీడీ ఒకటి.

"గియన్ని ఏద్దాం సార్. ఒక్క కొస గూడ ఇడిసిపెట్టొద్దు."

"తర్కం బాగానే ఉందండీ," అన్నాడు మల్లికార్జునరావు. ఆయన ముప్పై ఏళ్లలో ఇంతకంటే గట్టి తర్కానికి కూడా సున్నాలు వేసిన మనిషి. కానీ ఆ రోజు ఆయన కూడా మామూలు మనిషిలా లేడు.

సీడీ తర్వాత సీడీ వేశారు. ఒక్కోటి వేస్తున్న కొద్దీ కంప్యూటర్ ఇంకా త్వరగా పడిపోసాగింది. మొదట పచ్చ బటన్ నొక్కితే పడిపోయేది. తర్వాత స్కానర్ వైరు పెడితేనే పడిపోయింది. చివరికి ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే, మొహం చూసి పడిపోవడం మొదలుపెట్టింది. తొమ్మిదో సీడీ అయ్యేసరికి పన్నెండున్నర దాటింది. ఆరు నెలల పని, తండ్రి పేరు, అన్నీ ఈ ఏడుపు మొహం దగ్గర ఆగిపోయాయి. ఇంకో అరగంటలో జానయ్య రెండోసారి ఎవరికీ తెలియకుండా పోతాడు.

ఇక తప్పక, తన దుకాణం పక్కన కంప్యూటర్లు బాగుచేసే నరేష్‌కుమార్‌కు ఫోన్ చేశాడు.

"పరేషాన్ గాకుండ్రి అంకుల్," అన్నాడు నరేష్‌కుమార్. "నీలం స్క్రీన్ మీద మూలకు డబ్బా లెక్క ఒకటి ఒస్తది సూడు, దాన్ని దగ్గరికి పోయి ఫోటో గొట్టి వాట్సాప్‌ల పెట్టుండ్రి. ఏం బీమారో చెప్తా."

ఆ చదరం మీద హనుమాండ్లుకు పొద్దుటి నుంచే గురి ఉంది. కంప్యూటర్ మళ్లీ పడిపోగానే ఫోన్‌ను తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి, నీలమూ తెల్ల గళ్ళూ తప్ప ఇంకేమీ రాకుండా చక్కగా ఫోటో తీశాడు.

"ఎట్లాగు ఫోన్ చేతిల పట్టుకున్నవు గద. గా కాగితం గూడ ఫోటో గొట్టరాదు?" అంది భూలక్ష్మి. "వంకర వోతే పోయింది. టైం అయిపోతే మామ పేరే పోతది."

హనుమాండ్లు ఈసారి వాదించలేదు. కాగితాన్ని స్కానర్‌లోంచి తీసి నేల మీద పరిచాడు. ముడుచుకోకుండా నాలుగు మూలలా నాలుగు సీడీలు బరువు పెట్టాడు. ఆ రోజు ఆ సీడీలు చేసిన పనికొచ్చే పని అదొక్కటే. నీలమూ తెల్ల గళ్ళూ వచ్చేలా, అంచులూ సీడీలూ పడకుండా ఫోటో తీశాడు. ఒకటి సంస్థకు, ఒకటి నరేష్‌కుమార్‌కు పంపాలి. కళ్లద్దాలు కనబడలేదు. వెతకడానికి టైం లేదు. ఫోన్‌లో గోరంత బొమ్మలు రెండు, పక్కపక్కనే ఉన్నాయి. రెంటినీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, ఇది మా నాయినది, ఇది కంప్యూటర్‌ది అని తేల్చుకుని పంపేశాడు. అప్పటికి ఒంటిగంటకు ఆరు నిమిషాలుంది.

సంస్థ నుంచి వెంటనే జవాబొచ్చింది: "మీ డిజైన్ అందింది. ధన్యవాదాలు." భూలక్ష్మి దేవుడి పటం వైపు తిరిగి చేతులు జోడించింది. మల్లికార్జునరావు కుర్చీలో వెనక్కి వాలాడు. అంతలో నరేష్‌కుమార్ ఫోన్.

"అంకుల్! గిదేంది అంకుల్! స్క్రీన్ మొత్తం గళ్ళు గళ్ళు అయిపోయింది గద! డిస్‌ప్లే కార్డే ఖతమైనట్టున్నది. నా సర్వీసుల గిట్లాంటి కేసు చూడలే. ఎవ్వరు ముట్టకుండ్రి, నేనే ఒస్తున్న."

హనుమాండ్లు కంప్యూటర్ వంక చూశాడు. మూలనున్న చదరం మూలనే ఉంది. "మొత్తం ఎక్కడున్నయి గళ్ళు?" అని మల్లికార్జునరావును అడిగాడు. ఆయన కూడా చాలాసేపు చూసి, "ఆయనకి అనుభవం ఉంది కదండీ, మనకి కనబడనివి ఆయనకి కనబడతాయి," అన్నాడు.

ఒంటిగంటన్నరకు ఇందు ఫోన్ చేసింది.

"పోయిందా డాడీ?"

"పోయింది బిడ్డా, ఫోటో గొట్టి పంపిన. కంప్యూటర్‌కే జర బాగ లేదు."

"పాత సీడీ ఏసినవా?"

హనుమాండ్లు అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఒక్కటి గాదు బిడ్డా. తొమ్మిది ఏసినం."

ఫోన్ కట్టయింది.

రెండు గంటలకు నరేష్‌కుమార్ వచ్చాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, అంతా చూసి తల గోక్కున్నాడు.

"గళ్ళు ఏవి అంకుల్?"

"గదే మేం గూడ అడుగుతున్నం."

"మీరు పంపిన ఫోటోల ఉన్నయి గద!" అని నరేష్‌కుమార్ తన ఫోన్ తీసి చూపించాడు. జానయ్య గళ్ళు తెర నిండా మెరుస్తున్నాయి. ఒక్క గీత కూడా వంకరపోలేదు.

హనుమాండ్లు ఆ ఫోటోను చూశాడు. తర్వాత తన ఫోన్‌ను భూలక్ష్మి చేతికిచ్చి, సంస్థకు ఏం పోయిందో చూడమన్నాడు. ఆవిడ చూసి, మెల్లగా మంచం మీద కూర్చుంది.

"కంప్యూటర్ బీమారిని పంపినవయ్యా," అంది.

నరేష్‌కుమార్ తొమ్మిది డ్రైవర్లనూ ఒక్కొక్కటిగా పీకేశాడు. ఇందు వేసిన కొత్తది ఒక్కటే మిగిలింది. స్కానర్ మూలగకుండా పనిచేసింది. మొదటి స్కాన్‌లో హనుమాండ్లు కళ్లద్దాలు వచ్చాయి. కాగితం తీసే హడావుడిలో అక్కడే పెట్టి మూత వేసేశాడు. రెండో స్కాన్‌లో జానయ్య గళ్ళు వచ్చాయి. వాటిని సంస్థకు పంపితే, గడువు ముగిసిందని ఒక్క వాక్యం తిరిగొచ్చింది. ఆ సాయంత్రం హనుమాండ్లు దుకాణం తెరవలేదు. తండ్రి ఫోటో ఉన్న గదిలోకి కూడా వెళ్లలేకపోయాడు. తప్పు తనదేనని ఆయనకు తెలుసు, అదే ఎక్కువ బాధగా ఉంది.

పన్నెండు రోజుల తర్వాత సంస్థ నుంచి మౌనిక అనే ఆవిడ ఫోన్ చేసింది.

"హనుమాండ్లు గారేనా? అభినందనలు సర్. మీ డిజైన్ ఎంపికైంది. మా న్యాయనిర్ణేతలైతే లేచి నిలబడ్డారు. ఇంత పాత పద్ధతిలో ఇంత కొత్తదనం ఎలా వచ్చిందని! తరాల నుంచి వచ్చిన విద్య అని చూడగానే తెలిసిపోతోంది అన్నారు."

హనుమాండ్లు అడ్డుపడ్డాడు. "మేడం, అది మా నాయినది గాదు. కంప్యూటర్‌ది."

"కంప్యూటర్‌లో గీస్తే మాత్రం ఏమైంది సర్, ఆలోచన మీదే కదా."

"ఆలోచన గూడ నాది గాదు మేడం. అది ఖరాబైనప్పుడు ఒచ్చింది."

"పొరపాట్లలోంచే కళ పుడుతుందంటారు సర్, మీరు ఎంత బాగా చెప్పారో!"

"నేను చెప్పేది మీకు సమజైతలేదు మేడం. అది నేను గియ్యలే."

ఆవిడ గొంతు గద్గదమైంది. "మీలాంటి పెద్దవాళ్లు ఎప్పుడూ ఇలాగే అంటారు సర్. నలభై రోజుల్లో చీర కావాలి. నేర్పినవారి పేరు జానయ్య గారే కదా? పలక మీద అదే రాయిస్తున్నాను."

ఆ పేరు వినగానే హనుమాండ్లు "సరే మేడం" అనేశాడు. నిజం మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ అది మెప్పుగా తిరిగొచ్చింది. ఫోన్ పెట్టేసి, ఏం చేయాలో తెలియక భార్య వంక చూశాడు.

"దాంట్ల అంత సోచాయించేదేమున్నది?" అంది భూలక్ష్మి. "చీరంత మామ గళ్ళెయ్. కొంగుకు గా చదరం ఎయ్. ఆళ్ళడిగింది ఆళ్ళకిచ్చినట్టు, మామకియ్యాల్సింది మామకిచ్చినట్టు."

మౌనికను అడిగితే, చదరం ఉంటే చాలు, మిగతా చీర మీ ఇష్టం అంది. వెనక గదిలో ఎనిమిదేళ్లుగా ఊరికే ఉన్న మగ్గం దులిపారు. దాని మీద పాత పడుగు కొసలు అలాగే ఉన్నాయి. కొత్త పోగులను వాటికి అతికితే ఒక్కటి కూడా దారి తప్పకుండా వచ్చాయి. అతుకు పనికొచ్చే చోటు అదేనని హనుమాండ్లుకు కాస్త ఆలస్యంగా తెలిసింది. భూలక్ష్మి ఆసు పోసింది, అంటే దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు తిప్పింది. రంగు అంటకూడని చోట పోగులకు కట్లు కట్టడం, రంగు వేయడం, నేయడం అన్నీ హనుమాండ్లే చేశాడు. కొంగు మీది చదరంలో ఒక్క గడి తేడా రాకుండా, కళ్లద్దాలు పెట్టుకునే నేశాడు.

ప్రదర్శన రోజు అందరూ వెళ్లారు. లలితకుమారి కూడా వచ్చింది, భర్త పక్కన మాత్రం నిలబడలేదు. గోడ మీద చీర వేలాడుతోంది. కింద పలక మీద "నేసినవారు: హనుమాండ్లు. నేర్పినవారు: జానయ్య" అని రాసి ఉంది. హనుమాండ్లు దాన్ని నాలుగుసార్లు చదివాడు. నాలుగోసారి అక్షరాలు అలుక్కుపోయాయి. భూలక్ష్మి కొంగుతో ఆయన కళ్లద్దాలు తుడిచి ఇచ్చింది.

ఆ పక్కనే చిన్న గుంపు. అందరూ కొంగు మీది చదరానికి ఎదురుగా ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఫోన్లు టింగుమంటున్నాయి. తెరిచి చదివి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఇందు కూడా తన ఫోన్ తీసి చదరానికి ఎదురుగా పెట్టింది. కంప్యూటర్ కంపెనీ వాళ్ల పేజీ ఒకటి తెరుచుకుంది. చదివి, నవ్వాపుకుంటూ తండ్రి దగ్గరికి వచ్చింది.

"ఏమని రాసి ఉన్నది బిడ్డా?" అని ఆశగా అడిగాడు హనుమాండ్లు.

"మీ కంప్యూటర్‌కు పడని పాత డ్రైవర్లుంటే తీసేయండి, అని రాసి ఉన్నది డాడీ."

కూతురు చెప్పులు వేసుకుంటూ ఒక్క నిమిషంలో చెప్పిన ఆ మాటను హనుమాండ్లు వినలేదు గానీ, నలభై రోజులు కూర్చుని ఒక్క గడి తప్పకుండా నేశాడు.